నంది చెవిలో సవరణ ప్రకటన

మానవజాతి దేవుడితో మాట్లాడిన తీరును మూడు యుగాలుగా విభజించవచ్చు. మొదటి యుగంలో మనిషి నేరుగా మాట్లాడాడు. రెండో యుగంలో అర్చకుల ద్వారా మాట్లాడాడు. మూడో యుగం మా తోటలంకలో పోయిన కార్తీకమాసం మొదటి సోమవారం ఉదయం అభిషేకం వేళకు మొదలైంది. అందులో మనిషి కామెంటు పెడతాడు, యంత్రం దాన్ని పైకి చదువుతుంది, దేవుడు వింటాడు. (వింటాడన్నది కమిటీ నమ్మకం. దీనిపై దేవుడి నుంచి లిఖితపూర్వకంగా ఏ అభ్యంతరమూ రాలేదు.)

తోటలంక రావులపాలేనికి దగ్గర్లో, అరటితోటల మధ్య ఉంటుంది. ఊరికి ఒక శివాలయం, శివాలయానికి ఒక కమిటీ, కమిటీకి ఒక లైవు చానెలు ఉన్నాయి. అధ్యక్షులు వెంకటపతిరాజు గారు. ఆయన భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ రొయ్యల చెరువులు తవ్వించారు. కార్యదర్శి శివరామకృష్ణ గారు. ఆయన జీవితమంతా రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుని దస్తావేజులు రాసి, ఈమధ్యే విశ్రాంతి తీసుకుంటున్నారు. దస్తావేజులు మాత్రం ఇంకా ఆయనను వదల్లేదు. పండక్కి పిలవడానికి వచ్చినా "సదరు పండుగకు తాము సకుటుంబంగా" అనే పిలుస్తారు.

ఈ వ్యవహారంలో నాకున్న ఆసక్తి చాలా చిన్నది కనుక అదేమిటో ముందే చెప్పేస్తాను. కార్తీకం నాలుగో సోమవారం మర్నాడు రాజమండ్రిలో నా కుడికంటికి ఆపరేషను పెట్టారు. ఎడమకన్ను ఎప్పుడో మబ్బు పట్టింది. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. (అందువల్ల అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మే అలవాటు నాకింకా పూర్తిగా పోలేదు.) ఇంత ఆలస్యంగా వచ్చిన చదువు ఇంత తొందరగా పోతే బాగుండదని, ఆపరేషనుకి ముందు శివుడి దగ్గర ఒక్కసారి నా పేరున అర్చన చేయించుకుందామనుకున్నాను. మా ఆయన అప్పాజీ గారు ఉన్న రోజుల్లో ఏటా చేయించేవారు. అర్చనలో ఆయన పేరు ఉండేది. నేను 'ధర్మపత్నీ సమేతస్య' అన్నచోట ఉండేదాన్ని. ఆయన పోయాక ఆ సమేతం కూడా పోయింది. ఈసారి కన్ను నాది కాబట్టి పేరు కూడా నాదే అయితే బాగుంటుందనిపించింది. అంతకన్నా పెద్ద ఉద్దేశాలేవీ లేవు.

రసీదు కోసం గుడి ఆఫీసుకి వెళ్లాను. శివరామకృష్ణ గారు కొత్త కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు.

"గృహస్థు పేరు చెప్పండమ్మా."

"అప్పాజీ గారండి. ఆయన పోయారు కదండీ."

"పోయినవాళ్ల పేరున అర్చన చెయ్యకూడదమ్మా. కొడుకు పేరు?"

"పిల్లల్లేరండి. నా పేరు రాయండి."

"మీ పేరుకి గడి లేదమ్మా."

తెర నా వైపు తిప్పి చూపించారు. నిజంగానే లేదు. గృహస్థు పేరు అని ఒక గడి, దాని కింద 'సతీసమేతం అవును / కాదు' అని ఒక గడి ఉన్నాయి. నేను ఇన్నేళ్లూ అవునులో ఉన్నాను.

"పోనీ తమ్ముళ్లు, మేనల్లుళ్లు ఎవరూ లేరా?"

"మేనల్లుడు ఉన్నాడండి. వాడి కళ్లు బాగానే ఉన్నాయి."

"అయితే వాడి పేరున చేయించేద్దామండి."

"వాడి పేరున చేస్తే దేవుడు వాడి కళ్లు చూసి, బాగానే ఉన్నాయి కదా అని ఊరుకుంటాడు కదండీ."

"అది దేవుడికీ మీకూ మధ్య విషయమమ్మా. నా దగ్గర గడి లేదు."

అర్చకులు సోమయాజులు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మంచి మనిషి. "నాకేం అభ్యంతరం లేదమ్మా. పేరు ఎవరిదైనా మంత్రం అదే. రసీదు మీద ఉంటే చదివేస్తాను. వెళ్లి రసీదు పట్రండి" అన్నారు.

వెంకటపతిరాజు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కూడా మంచి మనిషే. "గడి పెట్టించాలంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం అవ్వాలండి. ఉగాది తరవాత పెడతాం" అన్నారు.

"నా కన్ను కార్తీకంలోనండి."

"కన్ను కొంచెం వాయిదా వేయించుకోకూడదా అండీ?"

ముగ్గురూ మంచివాళ్లే కావడం వల్ల నేనెవరినీ ఏమీ అనలేకపోయాను. ఒక పద్ధతి చక్కగా నడవాలంటే అందులో ఉన్నవాళ్లంతా మంచివాళ్లై ఉండాలి. చెడ్డవాళ్లైతే ఎక్కడో ఒకచోట లొంగుతారు.

ఇక యంత్రం సంగతి. హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, మస్కట్‌లోనూ ఉన్న మా ఊరివాళ్లు లైవులో అభిషేకం చూస్తూ, తమ గోత్రనామాలు కామెంట్లలో పెట్టడం పోయిన ఏడాదే మొదలుపెట్టారు. సోమయాజులు గారి చేతులు పాలలోనూ పెరుగులోనూ ఉంటాయి కనుక ఆయన ఫోను చూడలేరు. అప్పట్లో శివరామకృష్ణ గారే కళ్లజోడు పెట్టుకుని చదివేవారు. ఆయన 'సదరు', 'అనబడు', 'వగైరా' లేకుండా ఏ పేరూ చదవలేరు. మూడో పేరు పూర్తయ్యేసరికి పాలు, పెరుగు, తేనె అన్నీ అయిపోయి, స్వామివారు విభూతితో సహా సిద్ధమై కూర్చునేవారు. మస్కట్ వాళ్ల వంతు ఒక్కసారీ రాలేదు.

అందుకని ఈ ఏడాది కామెంట్లను పైకి చదివే యంత్రాన్ని పెట్టాలని కమిటీ తీర్మానించింది. పని గణేష్‌బాబుకి అప్పగించారు. అతనికి ఊళ్లో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు లైవు ఇస్తాడు. మా ప్రహరీ అవతలిదే వాళ్ల ఇల్లు. అతను చెప్పిన ప్రకారం పని చాలా తేలిక. కామెంట్లు వచ్చే లింకును ఒకచోట అతికించాలి, భాష ఎంచాలి, గొంతు ఎంచాలి, వేగం ఎంచాలి, స్పీకరు తగిలించాలి. కమిటీకి ఇందులో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క సమావేశం పట్టింది.

గొంతు దగ్గర మొదలైంది. తెలుగుకి మూడు గొంతులు ఉన్నాయి. మగ గొంతు గోత్రాలను నమిలి మింగేస్తోంది. రెండో గొంతు ఆడదే కానీ, బస్టాండులో ఫలానా బస్సు ఫలానా ప్లాటుఫారం మీద సిద్ధంగా ఉందన్నట్టు చదువుతోంది. మిగిలిన ఆడ గొంతు ఒక్కటే శుభ్రంగా పలుకుతోంది. నంది పక్కన ఆడ గొంతు నెలంతా ఉండవచ్చా అని ఒక సభ్యుడు అనుమానం వెలిబుచ్చారు. యంత్రానికి ఆ ఇబ్బంది రోజులు ఉండవని శివరామకృష్ణ గారు వివరించి, ఆ సంగతి మినిట్స్‌లో కూడా రాశారు. గొంతు ఆమోదం పొందింది. (ఆ గొంతుకి గృహస్థు ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు.)

తరవాత స్పీకరు. దాన్ని భక్తుల వైపు తిప్పాలా, దేవుడి వైపు తిప్పాలా? భక్తుల వైపు తిప్పితే దేవుడికి వీపు చూపినట్టు అవుతుంది. దేవుడి వైపు తిప్పితే ఆయన మీద కేకలేసినట్టు అవుతుంది. చివరికి సోమయాజులు గారే దారి చూపారు. శివాలయంలో కోరిక ఏదైనా నంది చెవిలో చెప్పుకోవడం ఆచారం కదా, స్పీకరు కూడా అదే ఆచారం పాటిస్తే సరిపోతుందన్నారు. నంది కుడిచెవికి ఆనించి స్పీకరు బిగించారు. దాని పక్కన బోర్డు పెట్టారు: 'లైవు సమయంలో గుడికి విచ్చేసిన భక్తులు ఎడమచెవిని వాడుకోగలరు.'

మొదటి సోమవారం వచ్చింది. యంత్రం ఏమీ దాచుకోలేదు. వచ్చిన కామెంటును వచ్చినట్టు, పంపినవారి పేరుతో సహా చదివింది. "కింగ్ ఆఫ్ కోనసీమ అన్నారు. హాయ్ ఆల్, టిఫిన్లు అయ్యాయా" అని నందిని అడిగింది. "ఎర్ర గుండె, ఎర్ర గుండె, జోడించిన చేతులు, జోడించిన చేతులు, మండుతున్న నిప్పు" అంది. నిప్పు అనగానే సోమయాజులు గారు ఉలిక్కిపడి దీపం వైపు చూశారు. "సౌండ్ రావట్లేదు" అని ఊరంతా వినబడేలా ప్రకటించింది. "రావులపాలెంలో ఇవాళ చక్కెరకేళి గెల ఎలా ఉంది" అని ఎవరో అడిగితే, మండపంలో కూర్చున్న ఇద్దరు రైతులు జవాబు చెప్పి, వాళ్లలో వాళ్లు ఏకీభవించక దెబ్బలాడుకున్నారు.

అంతలో యంత్రం అదే శుభ్రమైన గొంతుతో, "అబ్బులు అన్నారు. రాజు గారండీ, రెండో చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయండి, రొయ్య పైకి తేలుతోందండి, తమరు ఫోన్ ఎత్తట్లేదండి" అంది.

అబ్బులు రాజు గారి చెరువుల కాపలాదారు. నీళ్లలోకి గాలి కొట్టే ఆ యంత్రాలు ఆగితే రొయ్య బతకదు. రాజు గారు పట్టుపంచె ఎగ్గట్టి పరుగెత్తారు. చెరువు దక్కింది. కొత్త పద్ధతిలో నంది చెవిన వేసిన కోరికల్లో మొట్టమొదట నెరవేరినది ఇదేనని కమిటీ తరవాత నిర్ధారించింది.

ఆ సాయంత్రమే నిబంధనలు వచ్చాయి. రసీదు నంబరుతో మొదలుకాని కామెంటును యంత్రం చదవకూడదు. నంబరు తరవాత గోత్రం, గృహస్థు పేరు మాత్రమే ఉండాలి. గుండెలు, చేతులు, నిప్పులు నిషిద్ధం. అరటి ధరలు నిషిద్ధం. చెరువుల సమాచారం మినహాయింపు.

గణేష్‌బాబు ఆ ప్రకారం వడపోత పెట్టాడు. వడపోత మాటలకే పనిచేస్తుంది, పంపినవారి పేరుకి పనిచేయదు. 'పంపినవారి పేరు చదవాలా' అన్నచోట అంతకుముందే టిక్కు పెట్టి ఉంది. విరాళాలు ఇచ్చిన పెద్దల పేర్లు వినబడాలని రాజు గారే పెట్టించారు. కనుక రెండో సోమవారం నాడు యంత్రం ఇలా నడిచింది.

"కింగ్ ఆఫ్ కోనసీమ అన్నారు."

తరవాత నిశ్శబ్దం.

"హేమశ్రీ పిండివంటలు అన్నారు."

మళ్లీ నిశ్శబ్దం. భక్తులు అందులో ఏదో ఉందనుకుని కళ్లు మూసుకున్నారు. ఇది లోపమండి, సరిచేసేస్తానండి అన్నాడు గణేష్‌బాబు. వద్దన్నారు సోమయాజులు గారు. "ఆ ఖాళీలో నాకు చెంబు మార్చుకోవడానికి వీలుగా ఉంది, ఉండనీ బాబూ." కమిటీ ఆ ఖాళీకి మౌనప్రార్థన అని పేరు పెట్టింది.

నేను ఆ రోజు స్తంభం దగ్గర చిన్నమ్మాయి గారి పక్కన కూర్చుని ఉన్నాను. పేరు చిన్నమ్మాయి గానీ ఆవిడ నాకన్నా పదేళ్లు పెద్ద. ఆవిడకీ గడి లేదు. ఇద్దరం చాలాసేపు విన్నాం.

"ఆ పిల్ల ఎవరేమన్నారో చెప్పట్లేదేంటే?" అన్నారావిడ. యంత్రాన్ని ఆవిడ పిల్ల అంటారు.

"ఎవరన్నారో మాత్రం చెబుతోందండి."

"చెప్పి ఏం లాభం?"

నాకు కావలసింది కూడా సరిగ్గా అంతేనని అప్పుడే తట్టింది. నేను దేవుడితో అనవలసింది పెద్దగా ఏమీ లేదు. అన్నది నేనని తెలిస్తే చాలు.

మర్నాడు ఫోను పట్టుకుని గణేష్‌బాబు స్టూడియోకి వెళ్లాను. ఆ ఫోను మా ఆయనది. నేను కామెంటు పెడితే 'అప్పాజీ అన్నారు' అని చదువుతుంది. నంది చెవిలో పోయిన మనిషి మాట్లాడటం మొదలుపెడితే, దానికి మళ్లీ శాంతి చేయించాలి.

"ఇందులో పేరు మార్చాలి గణేష్‌బాబూ."

"మార్చేద్దామండి పిన్నిగారూ. ఎవరి పేరు పెట్టమంటారు?"

"నా పేరే."

అతను ఫోనులో పేరు ఉన్నచోటు తెరిచి నా వైపు చూశాడు. పుట్టినప్పటి నుంచీ నన్ను చూస్తున్నవాడు. వాళ్ల ఇంటి పెళ్లిళ్లన్నిటికీ అరిసెలు వండింది నేనే.

"ఏమనుకోకండి, మీ పేరేంటండి?"

"బంగారమ్మ."

"భలే ఉందండీ! ఇన్నాళ్లూ చెప్పలేదేంటండి?"

"ఎక్కడ చెప్పను బాబూ. గడి లేదు."

నేనే టైపు చేస్తానన్నాను. 'గా' దగ్గర దీర్ఘం దొరక్క కొంచెం ఆలస్యమైంది. చివరికి ఫోను ఒక ప్రశ్న వేసింది: 'మీ పేరు మారుస్తున్నారు. ఇది మీకు సమ్మతమేనా?' నా పేరు విషయంలో నా సమ్మతి అడిగినవారిలో ఈ ఫోనే మొదటిది. పెళ్లప్పుడు ఇంటిపేరు మార్చినవాళ్లు కూడా అడగలేదు. సమ్మతమే అని నొక్కాను.

మూడో సోమవారం స్తంభం దగ్గరే కూర్చుని, గోత్రం, పేరు, కన్ను, ఆపరేషను అన్నీ రాసి పంపాను. రసీదు నంబరు లేదు కనుక రాయలేదు. నిబంధనను నేను ఎక్కడా అతిక్రమించలేదు. చదవకూడని దాన్ని యంత్రం చదవలేదు.

"బంగారమ్మ అన్నారు" అంది.

నిశ్శబ్దం.

చిన్నమ్మాయి గారు నా మోచెయ్యి గిల్లారు. మళ్లీ పంపాను.

"బంగారమ్మ అన్నారు."

సోమయాజులు గారు చెంబు మార్చుకుని అలవాటుగా తల ఊపారు. నేను మళ్లీ పంపాను. నిజం చెప్పాలంటే కన్ను సంగతి మరిచిపోయాను. ఆ పిల్ల అంత శుభ్రంగా, ఒక్క అక్షరం మింగకుండా అంటుంటే వినాలనిపించి పంపుతూనే ఉన్నాను. చివరికి పాల ధార ఆగిపోయింది. సోమయాజులు గారు గర్భగుడిలోంచి తల బయటపెట్టారు.

"ఏమన్నారమ్మా?" అని యంత్రాన్ని అడిగారు.

"బంగారమ్మ అన్నారు" అంది యంత్రం.

వెంకటపతిరాజు గారు లేచి నిలబడ్డారు. "ఈ బంగారమ్మ ఎవరండీ? బెంగుళూరా, మస్కటా?"

ఊరంతా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. బంగారమ్మ అనే మనిషి ఆ ఊళ్లో ఉన్నట్టు ఎవరికీ తెలియదు. నేను చెయ్యెత్తాను.

"నేనేనండి."

"అప్పాజీ గారి ఆవిడా! మీరేంటండీ? అసలు మీరు ఏమన్నారండీ?"

"ఏమన్నానో మీ వడపోత అననివ్వలేదు కదండీ. అన్నానని మాత్రం చెప్పింది."

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. సంబంధిత వ్యక్తిని కనుక నన్నూ పిలిచి ఒక కుర్చీ వేశారు. కమిటీ గదిలో నాకు కుర్చీ వేయడం కూడా అదే మొదలు.

"పేరేగా రాజు గారూ, వదిలెయ్యండి" అన్నారు సోమయాజులు గారు.

"ఎలా వదిలేస్తామండీ? ఇవాళ ఈవిడ. రేపు ఊళ్లో ఇలాంటివాళ్లందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటే? అసలు ఎంతమంది ఉంటారండీ?"

శివరామకృష్ణ గారు కంప్యూటరులో వెతికారు. "తెలియదండి. వాళ్లకి గడి లేదు కదండీ, లెక్క తెలియదు."

ఆ తరవాత ఆయన గొంతు సవరించుకుని న్యాయం చెప్పారు. నంది చెవిలో పడ్డ మాట రిజిస్టరు అయిన దస్తావేజుతో సమానం. ఒకసారి రిజిస్టరు అయినది, ఊరికే ఊరుకుంటే పోదు. దాన్ని పోగొట్టాలంటే రద్దు దస్తావేజు ఒకటే మార్గం. ఎక్కడ చదివారో అక్కడే, ఆ చెవిలోనే, రద్దయినట్టు చదవాలి. తప్పు చేసిన యంత్రంతోనే సవరణ చదివించడం ధర్మం కాదు కాబట్టి, అధ్యక్షుల వారే స్వయంగా మైకులో చదవాలి.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నన్ను కూడా చెయ్యెత్తమన్నారు, ఎత్తాను.

అప్పుడు శివరామకృష్ణ గారు తెల్లకాగితం తీసుకుని నా వైపు తిరిగారు. "వివరాలు పూర్తిగా ఉండాలమ్మా. లేకపోతే పొరపాటున ఇంకో బంగారమ్మ రద్దయిపోతుంది. గోత్రం?"

"పైడిపాల గోత్రమండి."

"నక్షత్రం?"

"తెలియదండి. ఆడపిల్ల పుట్టిందని ఎవరూ రాయలేదు."

"నక్షత్రం లేని రద్దు చెల్లదమ్మా."

సోమయాజులు గారు పంచాంగం తెరిచి, పేరులో మొదటి అక్షరాన్ని బట్టి రోహిణి అని తేల్చారు. ఇంత వయసులో నాకొక నక్షత్రం వచ్చింది.

"ఏ పని నిమిత్తం పేరు సమర్పించారు?"

"కుడికంటి ఆపరేషనండి. మంగళవారం. అక్షరాలు కనబడాలని."

అదీ రాసుకున్నారు. నివాసం, హద్దులు రాసుకున్నారు. భర్త పేరు దగ్గర కలం ఆగింది. పోయినవారి పేరు నంది చెవిలో పడటం మరో పొరపాటు అవుతుంది, దానికి మరో సవరణ కావాలి అని ఆలోచించి, ఆ వరస కొట్టేశారు.

నాలుగో సోమవారం ఉదయం మండపం నిండిపోయింది. రద్దు చూడటానికి రావులపాలెం నుంచి కూడా జనం వచ్చారు. యంత్రాన్ని ఆపారు. స్పీకరుకి మైకు తగిలించారు. వెంకటపతిరాజు గారు నంది కుడిచెవి పక్కన నిలబడి, కాగితం రెండు చేతులతో పట్టుకుని చదివారు.

"తోటలంక గ్రామ కాపురస్తురాలు, పైడిపాల గోత్రము, రోహిణీ నక్షత్రము, తూర్పున కాలువగట్టు, దక్షిణమున అరటితోట, పడమర పంచాయతీ రోడ్డు, ఉత్తరమున గణేష్‌బాబు గారి ప్రహరీ, ఈ నాలుగు హద్దుల మధ్య గల పెంకుటింటిలో నివసించుచున్న బంగారమ్మ అను ఆమె, తన కుడికన్ను బాగుపడి అక్షరములు స్పష్టముగా కనబడవలెనని కోరుచు, రసీదు లేకుండా గత సోమవారం సమర్పించిన తన పేరును ఇందుమూలముగా రద్దుపరచడమైనది. కనుక స్వామివారు సదరు బంగారమ్మ పేరును, సదరు బంగారమ్మ గోత్రమును, సదరు బంగారమ్మ కన్నును పరిగణించవద్దని ప్రార్థన."

ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు చదవాలని దస్తావేజులోనే రాసి ఉంది. రాజు గారు మూడుసార్లూ చదివారు. మూడోసారి ఆయన గొంతు బాగా కుదిరింది.

గర్భగుడిలో సోమయాజులు గారు కళ్లు మూసుకుని ఉన్నారు. గోత్రం, నక్షత్రం, పేరు, కోరిక వరసగా చెవిన పడితే ఆయన చెయ్యి దానంతట అదే లేస్తుంది. అది జీవితకాలపు అలవాటు. "పైడిపాల గోత్రోద్భవాయాః, రోహిణీ నక్షత్రజాతాయాః, బంగారమ్మ నామధేయవత్యాః, నేత్రారోగ్య సిద్ధ్యర్థం" అంటూ బిందెడు పాలు పోసేశారు. గంట మోగింది. జనం హరహర మహాదేవ అన్నారు. కాగితం మడుస్తున్న రాజు గారు కూడా అన్నారు.

"అదేంటండీ, అర్చన చేసేశారు?" అన్నారు శివరామకృష్ణ గారు, కంగారుగా.

సోమయాజులు గారు కళ్లు తెరిచి నంది వైపు చూశారు, నా వైపు చూశారు. "రసీదు లేదుగానీ, దస్తావేజు ఉంది కదండీ" అన్నారు.

మర్నాడు ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పాక గోడ మీద ఉన్న 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు చదివాను. దేవుడు అర్చన విన్నాడా, రద్దు విన్నాడా అన్నది కమిటీ ఇంకా తేల్చలేదు. ఉగాది తరవాతి సమావేశానికి వాయిదా వేశారు. గడి కూడా ఆ సమావేశంలోనే ఉంది, చివరి అంశంగా. గణేష్‌బాబు మాత్రం పంపినవారి పేరు దగ్గర టిక్కు తీసేశాడు. అది ఆదేశం.

మొన్న సోమవారం చిన్నమ్మాయి గారు మంచి చీర కట్టుకుని గుడి ఆఫీసుకి వెళ్లారు. తన పేరు కూడా రద్దు చేసి, రాజు గారి చేత మూడుసార్లు చదివించమని అడిగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

శివరామకృష్ణ గారు కంప్యూటరు చూశారు, మినిట్స్ పుస్తకం తిరగేశారు. తరవాత ఎప్పటిలాగే చాలా మర్యాదగా చెప్పారు.

"రద్దు చెయ్యాలంటే ముందు మీరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదమ్మా."